వారి నోట నిలిచే కీర్తన

ద్వితీయోపదేశకాండము 31వ అధ్యాయం మోషే చివరి దినాల వృత్తాంతం. అతనికి అప్పటికి 120 ఏండ్లు. యొర్దాను దాటే భాగ్యం తనకు లేదని అతనికి తెలుసు. అందుకే యెహోషువను ధైర్యపరచి ప్రజల ముందు నిలిపాడు. ధర్మశాస్త్రాన్ని వ్రాసి యాజకుల చేతికిచ్చాడు. ఏడేండ్లకొకసారి పర్ణశాలల పండుగలో స్త్రీలు, పిల్లలు, పరదేశులతో సహా అందరూ వినేటట్లు దానిని చదివించమని ఆజ్ఞాపించాడు. చేయవలసినదంతా చేసినట్టే కనబడుతుంది. అయితే దేవుడు అతనికి మరొక పని అప్పగించాడు. ఒక కీర్తన వ్రాసి ఇశ్రాయేలీయులకు నేర్పుమనీ, దానిని వారికి కంఠపాఠముగా నేర్పించుమనీ 19వ వచనంలో ఆజ్ఞ ఇచ్చాడు. మోషే ఆ దినమందే దానిని వ్రాసి నేర్పించాడని 22వ వచనం చెబుతుంది.

గ్రంథం ఉండగా పాట ఎందుకు? దానికి జవాబు అక్కడే ఉంది. ఈ ప్రజలు పాలు తేనెలు ప్రవహించే దేశంలో ప్రవేశించి, తిని, తృప్తిపొంది, తనను విడిచి అన్యదేవతల తట్టు తిరుగుతారని దేవునికి ముందే తెలుసు. ఆపదలు చుట్టుముట్టిన ఆ దినాన ఈ కీర్తన వారి యెదుట సాక్షిగా నిలుస్తుందని, అది మరువబడక వారి సంతతివారి నోట ఉంటుందని ఆయన చెప్పాడు. గ్రంథం మందసం (దేవుని ఆజ్ఞల పలకలున్న పెట్టె) ప్రక్కన ఉంటుంది. పాట మాత్రం పొలంలోనూ, వంట దగ్గరా, చివరికి దేవునికి దూరంగా వెళ్లిన దారిలోనూ మనిషి నోటనే ఉంటుంది. పిల్లలకు వాక్యాన్ని పాటగా నేర్పే ప్రతి ఒక్కరూ ఈ మాటను కొంతసేపు ధ్యానించాలని నా మనవి. ఆరేళ్ల పిల్లకు మనం ఈరోజు నేర్పే పాట ఈరోజు కోసం మాత్రమే కాదు. నలభై ఏళ్ల వయస్సులో, ఆసుపత్రి వరండాలోనో, అప్పుల దిగులుతో నిద్రపట్టని రాత్రిలోనో, ఆమెకు అవసరమయ్యే మాటను ఇప్పుడే ఆమె నోట ఉంచుతున్నాము.

ప్రతి వేసవిలో మన సంఘాలలో వి.బి.ఎస్. (వెకేషన్ బైబిల్ స్కూల్, అంటే పిల్లల వేసవి బైబిలు బడి) జరుగుతుంది. 1898లో న్యూయార్క్ నగరంలో ఎలైజా హాస్ అనే విశ్వాసురాలు, వేసవి సెలవుల్లో వీధుల్లో తిరుగుతున్న పిల్లల కోసం అద్దెకు తీసుకున్న స్థలంలో బైబిలు బడి నడిపినప్పుడు కూడా పాటలూ, బైబిలు కథలూ, వాక్యాలు కంఠతా పట్టించడమూ అందులో భాగాలే. మన పల్లెల్లో అదే పని చర్చి ఆవరణలోని పందిరి కింద, చాపల మీద, మే నెల ఎండలో జరుగుతుంది. టీచరమ్మ ముందు నిలబడి చేయి పైకెత్తగానే వందమంది చేతులు లేస్తాయి. ఆ ఉత్సాహాన్ని చూసి దేవుని స్తుతించని వారుండరు. పాటతో పాటు శరీరం కదిలినప్పుడు మాట గట్టిగా నిలుస్తుందని మనవాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. చెమ్మచెక్క, ఒప్పులకుప్ప ఆడిన అమ్మమ్మలు ఆ మాటలను ఏ పుస్తకంలోనూ చదవలేదు, అయినా ముసలితనంలో కూడా తప్పులేకుండా చెప్పగలరు. క్రిస్మస్ రాత్రి కోలాటం వేస్తూ యేసు జననాన్ని పాడే ఊళ్లు మనకున్నాయి.

ప్రశ్న ఆ కదలికలో ఏమి ఉన్నదనేదే. మోషే నేర్పిన ఆ కీర్తననే, అంటే 32వ అధ్యాయాన్నే తీసుకుందాము. అది చూపుతో, చలనంతో నిండిన పాట. రెండవ వచనంలోనే "నా ఉపదేశము వానవలె కురియును" అంటూ, పాడేవారి కళ్లముందు చినుకులనూ లేతగడ్డినీ నిలుపుతుంది. 11వ వచనంలో పక్షిరాజు తన గూడు రేపి, పిల్లల మీద అల్లాడుతూ, రెక్కలు చాపుకొని, వాటిని తన రెక్కల మీద మోస్తుంది. ఈ వచనాన్ని అభినయంతో నేర్పమంటే దాదాపు అందరమూ ఒకే పని చేస్తాము: పిల్లలందరి చేతా రెండు చేతులూ చాపించి, పక్షిరాజులా ఎగిరిస్తాము. పిల్లలకు అది ఎంతో ఇష్టం. కాని వచనంలో పక్షిరాజు స్థానంలో ఉన్నది యెహోవా. మనము ఆ గూటిలోని పిల్లలము. అందరూ రెక్కలు చాపి ఎగిరితే, మోయబడేవారు ఎవరూ మిగలరు. అందుకని పిల్లలను ఇద్దరిద్దరిగా నిలబెట్టడం మంచిది. పెద్దవాడు ముందు నిలిచి చేతులు చాపుతాడు. చిన్నవాడు వెనుక నుండి అతని భుజాలు పట్టుకుంటాడు. పల్లవి ఒకసారి అయ్యాక స్థానాలు మార్చుకుంటారు. వాక్యంలో తమ చోటు ఆ చిన్నవాడిదని అప్పుడు పిల్లలు తమ చేతులతోనే గ్రహిస్తారు. తరువాత ఎవరు ఎవరిని మోశారని అడిగితే, ఏ వివరణా అక్కరలేకుండా జవాబు వస్తుంది.

అభినయం అంటే వ్యాఖ్యానమే. ప్రసంగీకుడు వాక్యభాగాన్ని ఎంత జాగ్రత్తగా విడదీసి చూస్తాడో, అభినయం కూర్చే వ్యక్తి కూడా అంతే జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే ప్రసంగాన్ని పెద్దలు మరచిపోయినా, చేతి కదలికను పిల్లలు మరచిపోరు. "నీ వాక్యము నా పాదములకు దీపమును నా త్రోవకు వెలుగునై యున్నది" అనే 119వ కీర్తన 105వ వచనాన్ని నేర్పేటప్పుడు చాలా చోట్ల దీపాన్ని తల పైకెత్తి చూపిస్తారు. కీర్తనకారుడు దీపం పెట్టింది పాదాల దగ్గర. కరెంటు పోయిన రాత్రి లాంతరు పట్టుకుని పొలం గట్టు మీద నడిచినవారికి ఆ వెలుతురు ఎంత దూరం పడుతుందో తెలుసు: ఒక అడుగు, మహా అయితే రెండు. పిల్లలు వంగి, చేతి దీపాన్ని మోకాళ్ల కిందికి దించి, ఒక అడుగు వేసి ఆగి, మళ్లీ ఒక అడుగు వేస్తే, రేపటి సంగతంతా నేడే చూపించమని దేవుని అడగకుండా నడవడం ఎలాంటిదో వారి కాళ్లకు తెలుస్తుంది.

బండ మీద ఇల్లు, ఇసుక మీద ఇల్లు కథ (మత్తయి 7:24–27) అభినయానికి ఎంతో అనువైనది. వాన, వరద, గాలి అన్నీ చేతులతో చూపవచ్చు. ఇసుక మీది ఇల్లు కూలినప్పుడు పిల్లలందరూ నవ్వుతూ నేల మీద పడిపోతారు. అయితే ఆ రెండు ఇండ్ల మధ్య తేడాను ప్రభువు ఎక్కడ పెట్టాడో పాటలో తరచుగా జారిపోతుంది. ఇద్దరూ ఆయన మాటలు విన్నారు. ఒకడు వాటి చొప్పున చేశాడు, మరొకడు చేయలేదు. కాబట్టి వానకు ముందే చెవి దగ్గర చేయి పెట్టే కదలికా, రాయి మీద రాయి పేర్చే కదలికా ఉండాలి. ఇసుక ఇంటి వంతు వచ్చినప్పుడు చెవి దగ్గర చేయి ఉండాలి, పేర్చే చేతులు మాత్రం కట్టుకొని ఉండాలి.

ఆరాధనలో శరీరాన్ని కదిలించడం భక్తికి తగదని భావించే పెద్దలు మన సంఘాలలో ఉన్నారు. వారి గౌరవభావాన్ని నేను తక్కువ చేయను. కాని చప్పట్లు కొట్టమని 47వ కీర్తన, మోకరించమని 95వ కీర్తన, చేతులెత్తమని 134వ కీర్తన పిలుస్తున్నాయి. ఎర్రసముద్రపు ఒడ్డున మిర్యాము తంబుర చేతపట్టుకోగా స్త్రీలందరూ నాట్యముతో ఆమె వెంట వెళ్లారు. దేవాలయంలో పిల్లలు యేసును స్తుతిస్తూ కేకలు వేసినప్పుడు కోపపడినది ప్రధానయాజకులూ శాస్త్రులూ. ప్రభువు ఆ పిల్లల పక్షాన మాట్లాడాడు. పెద్దల అభ్యంతరంలో నిజమైనది వేరొకటి ఉంది, దానిని మనం ఒప్పుకోవాలి. సినిమా పాటల వరుసలకు దేవుని మాటలు అతికించి, ఆ సినిమాలోని అడుగులనే వేయించినప్పుడు, పిల్లవాని మనస్సు ఆ వరుసతో పాటు మొదటి మాటలనే గుర్తు చేసుకుంటుంది. ఆపద దినాన అతని నోటికి వచ్చేది ఏదో మనకు తెలియదు. ఊళ్లో పాడుకునే సొంత వరుస, ఎంత సాదాగా ఉన్నా, నాకు మేలుగా తోస్తుంది.

నేర్పే విధానంలో తొందర పనికిరాదు. ముందు స్పీకరు ఆపి, టీచరు నోటి నుండి వచనాన్ని ఒక్కొక్క ముక్కగా పలికించాలి. గ్రంథం పేరు, అధ్యాయం, వచనం కూడా పాటలోనే మొదటా చివరా రావాలి. ప్రతి కదలిక ఎందుకో ఒక్క వాక్యంలో చెప్పాలి. నోటికి వచ్చాక మాటలు ఒక్కొక్కటే మానేసి, కదలికలు మాత్రం కొనసాగించాలి. నోరు మూసుకుని చేతులతో "దీపము" అన్నప్పుడు పిల్లవాడు ఆ మాటను లోపల తానే పలుకుతాడు. నిలబడలేని పిల్లలుంటే అందరూ కూర్చొని చేయగల కదలికలనే ఎంచుకోవాలి. తెలుగు చదవలేని, విదేశాల్లో పెరుగుతున్న మన పిల్లలకు ఈ మార్గం మరీ విలువైనది: బైబిలు భాషలోని బరువైన మాటలు వారికి చేతుల ద్వారా అందుతాయి, తాతయ్యతో ఫోనులో మాట్లాడేటప్పుడు అదే వచనాన్ని అవే మాటల్లో కలిసి చెప్పగలుగుతారు.

వి.బి.ఎస్. ముగింపు రోజున సాధారణంగా పిల్లలు వేదిక మీద పాడతారు, తల్లిదండ్రులు సెల్‌ఫోన్లలో వీడియో తీసుకుంటారు. ఈసారి కనీసం ఒక్క పాటకు ఫోన్లు పక్కన పెట్టించి, తల్లిదండ్రులను లేపి నిలబెట్టి, పిల్లల చేత వారికి నేర్పించండి. ఇంట కూర్చున్నప్పుడూ, త్రోవను నడిచేటప్పుడూ, పండుకొనేటప్పుడూ, లేచేటప్పుడూ వాక్యాన్ని గూర్చి మాట్లాడవలెనని ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం ఆజ్ఞాపించింది తల్లిదండ్రులకే. పది రోజుల బడి ఆ బాధ్యతను వారి చేతికి తిరిగి అప్పగించగలదు, వారి బదులు మోయలేదు. జూన్‌లో బళ్లు తెరిచాక కూడా ప్రతి రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆ ఒక్క వచనాన్ని, నాన్న కూడా చేతులు కదిలిస్తూ, పాడమని చెప్పి పంపండి.