కానిస్టర్ మూత తీశాక

సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఉప్పునీటి అక్వేరియం పైకి తళతళలాడుతోంది. దాని అసలు సంగతి కానిస్టర్ ఫిల్టర్ (తొట్టి నీళ్లని పంపుతో లోపలికి లాగి వడగట్టే మూత డబ్బా) మూత తీశాకే బయటపడింది. స్పాంజి పిండితే కాఫీ డికాషన్ లాంటి నీళ్లు. బ్యాక్టీరియా కాపురం ఉండటానికి వేసే సిరామిక్ రింగుల సందుల్లో గోధుమరంగు మడ్డి. కార్బన్ సంచీ ఏనాటిదో, ముద్దకట్టేసింది. "నైట్రేట్ ఎంతకీ తగ్గదండీ" అన్నారు అమ్మినాయన. ఇంత మడ్డి పెట్టుకుని తగ్గితేనే వింత!

చేపల రెట్ట, మిగిలిన మేత అక్కడే కుళ్లి అమ్మోనియా పుడుతుంది. బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుంది. కథ దాదాపు అక్కడే ఆగుతుంది, ఎందుకంటే నైట్రేట్‌ని విరగ్గొట్టే బ్యాక్టీరియాకి ఆక్సిజన్ లేని చోటు కావాలి. కానిస్టర్‌లో నీళ్లు జోరుగా పారుతుంటాయి కదా.

అన్నీ ఒకేసారి కడిగేయాలని చేతులు దురదపెట్టాయి. ఆపుకున్నాను. ఈసారికి స్పాంజి ఒక్కటే, అదీ తొట్టిలోంచి తీసిన ఉప్పునీళ్లలోనే. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే మంచి బ్యాక్టీరియా కూడా పోతుంది. కార్బన్ మాత్రం నేరుగా చెత్తబుట్టలోకి. మూత చుట్టూ ఉన్న రబ్బరు రింగుకి ఉప్పు పలుకులు కట్టాయి, తుడిచి సిలికాన్ గ్రీజు రాశాకే కారడం ఆగింది.

ఇంకోటి, కరెంటు గంటల తరబడి పోతే లోపలి నీళ్లు పారబోశాకే పంపు వేయాలి. ఆక్సిజన్ అయిపోయిన ఆ కంపునీళ్లు చేపల మీదికి వదలకూడదు.

తొట్టిలో లైవ్ రాక్ (మంచి బ్యాక్టీరియా పట్టి ఉన్న సముద్రపు రాయి) బోలెడుంది కాబట్టి రింగులు కొద్దికొద్దిగా తీసేద్దామనుకుంటున్నా. అలా తీసినవాళ్లుంటే, ఎంత ఎడం ఇచ్చారో చెప్పండి.