కడప బండ మీద సుద్దగీత

నా చెయ్యి వణుకుతోందని 'శ్రీ' రాసేటప్పుడు తెలిసింది. గుడిదీర్ఘం చుట్టు తిప్పబోతే ఎండుమిరపకాయ మాదిరి వంకరపోయింది. ఇరవై ఏళ్లు కడపలో బోర్డులు రాసినోణ్ణి. ఫ్లెక్సీలు వచ్చినాక కూడా గోడరాతలకు నన్నే పిలిచేవాళ్లు.

2018 ఎండాకాలంలో పదకొండు రోజులు నిద్ర లేదు, అలుపూ లేదు. అర్ధరాత్రి లేచి మా వీధిలో ప్రతి ప్రహరీకీ పులిని వేసినాను. పాడిన చీటీ డబ్బులన్నీ రంగులకే పోసినాను. ఆ పులులు బాగున్నాయనే ఇప్పటికీ అంటాను, ఎవరూ ఒప్పుకోరు. ఆ ఊపు దిగినాక నాలుగు నెలలు మంచం దిగలేదు. "పిచ్చోనికి ఇల్లు ఇయ్యం" అని ఇంటాయన ఖాళీ చేయించినాడు. మాయమ్మ పెద్ద దర్గాకు తీసుకుపోయి దారం కట్టించింది. ఆ మరుసటి వారం రిమ్స్‌ ఆసుపత్రికి తీసుకుపోయిందీ ఆమే. దారం ఇంకా చేతికే ఉంది.

బైపోలార్, అంటే ఆ ఊపూ ఆ దిగులూ మారిమారి వచ్చే జబ్బు అని చెప్పి డాక్టరమ్మ లిథియం రాసింది. అదొక లవణం. రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు రక్తం ఇచ్చి అందులో లిథియం ఎంతుందో లెక్క చూపించాలి. నాకు 0.7 దగ్గరుంటే సరి, మితిమీరితే విషం. మే నెల చెమటకు ఒంట్లో నీళ్లు తగ్గితే దానంతటదే పెరుగుతుంది. ఉప్పు ఉన్నట్టుండి మానేసినా అంతే. పొరుగింటామె మాట విని సంగటిలోకి చప్పిడి పప్పు పెట్టినందుకు మాయమ్మకు ఓపీలోనే చీవాట్లు పడినాయి.

వణుకు ఈ మందు వల్లే. తగ్గించమని అడిగితే, "మళ్లీ పులులు వేస్తావా నాయనా?" అనింది డాక్టరమ్మ. కొంచెం తగ్గించింది, టీ మానిపించింది. వణుకు సన్నబడింది గానీ పోలేదు.

ఇంట్లో పరిచిన కడప బండల మీద సుద్దముక్కతో గీతలు గీసేవాణ్ణి. నల్లబండ ఏదీ దాచదు. మోచెయ్యి ఆనించి, ఊపిరి వదిలేటప్పుడు లాగితే జానెడు దాకా నిలకడగా వచ్చేది, ఆపైన ఈసీజీనే. తడిగుడ్డతో తుడవడం, మళ్లీ గీయడం. మాయమ్మ నన్ను దాటుకుంటూ వంటింట్లోకి పోయేది.

జపాన్‌లో యాయోయి కుసామా అనే పెద్దావిడ గురించి అక్క కొడుకు ఫోన్లో చూపించినాడు. 1977 నుంచి తన ఇష్టంతోనే మానసిక ఆసుపత్రిలో ఉంటూ, దగ్గర్లోని స్టూడియోలో బొమ్మలు వేసుకుంటుందంట. "ఆమెకు అన్నం ఎవరు వండుతారు?" అనింది మాయమ్మ.

ఓపీ బయట కూర్చుంటే అందరి చేతుల్లో ఒక కవరు. చీరలంగడిదో, ఎరువుల కొట్టుదో. పాత మందుల చీటీలన్నీ అందులోనే. పులివెందుల నుంచి, బద్వేలు నుంచి మొదటి బస్సుకే వచ్చినోళ్లు. తెలిసినోళ్లు కనబడితే కవరు కొంగు కిందికి పోతుంది. నేను ముఖాలు వేయను. కవరు పట్టుకున్న చెయ్యి, ముడతల్లో వంకరపోయిన అంగడి పేరు, అంతే. ఆ అక్షరాలకు నా వణుకు సరిగ్గా సరిపోతుంది. ఇప్పటికి అరవైనాలుగు వేసినాను.

పోయిన నెల బద్వేలు పెద్దమ్మ ఒకామె నోటుపుస్తకంలో తన కవరును గుర్తుపట్టింది. చాలాసేపు చూసి, "అడుగున చిల్లు ఉంది గదా, అది వేయలేదేమప్పా?" అనింది. కవరు అడిగి తీసుకున్నాను. చిల్లులోంచి చీటీ మూల ఒకటి బయటికి వచ్చింది. అది కూడా వేసినాను.