కరెంటు పోతే నాకు మాటలూ వినపడవు

పెళ్లయిన కొత్తలో మా అత్తయ్య మజ్జిగ గ్లాసు అందిస్తే నేను తీసుకోలేదు. ఆవిడ మొహం వైపే చూస్తున్నాను, నడుము దగ్గరున్న గ్లాసు కనపడలేదు. కాసేపు అలాగే నిలబడి, గ్లాసు గట్టు మీద పెట్టి వెళ్లిపోయారు. నాకు పొగరనుకున్నారని చాలా నెలల తర్వాత తెలిసింది.

నాకు పుట్టుకతోనే వినికిడి తక్కువ. ఐదో ఏట నుంచి చెవులకి మిషన్లు పెట్టుకుంటున్నాను. పద్నాలుగేళ్లప్పుడు రేచీకటి మొదలైంది. ట్యూషన్ అయ్యాక సైకిలెక్కే ధైర్యం లేక, దాన్ని నడిపించుకుంటూ గోడ వెంబడే ఇంటికి వచ్చేదాన్ని. అమ్మ మునగాకు, క్యారెట్లు తెగ వండిపెట్టింది. టౌన్లో కళ్ల డాక్టరు దగ్గరికి ఎప్పుడెళ్లినా బోర్డు మీద అక్షరాలు చదివించేవారు. కింది వరసల దాకా చదివేసేదాన్ని. "6/9 ఉంది, చూపు బాగానే ఉందమ్మా" అని పంపేసేవారు. చెవులకీ కళ్లకీ ఒకటే కారణం ఉండొచ్చని మాకెవరికీ తట్టలేదు.

ఇరవై ఏడో ఏట హైదరాబాద్‌లో పేరు తెలిసింది: అషర్ సిండ్రోమ్, రెండో రకం. ఈ జబ్బులో లోపలి చెవి, కంటి వెనక రెటీనా రెండూ దెబ్బతింటాయి. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, పాడైన జన్యువు రెండువైపుల నుంచీ వస్తేనే జబ్బు కనపడుతుంది. మా అమ్మానాన్నలది మేనరికం. ఆ మాట విన్న రోజు అమ్మ అన్నం ముట్టలేదు. వాళ్లిద్దరి చెవులూ కళ్లూ బాగానే ఉన్నాయి, తమలో అది ఉందని తెలిసే దారే లేదు. అమ్మకి ఆ సంగతి నేను ఇప్పటికీ చెబుతూనే ఉన్నాను.

చుట్టుపక్కల ఎంతమేర కనపడుతుందో చూసే ఫీల్డ్ టెస్ట్‌లో గిన్నెలాంటి మిషన్‌లో గడ్డం ఆనించి, మధ్యలో లైటునే చూస్తూ, పక్కన చుక్క మెరిసినప్పుడల్లా బటన్ నొక్కాలి. చాలాసేపు నొక్కే పనే పడలేదు. మిషన్ ఆగిపోయిందేమో అనుకున్నాను. మామూలుగా రెండు కళ్లకీ కలిపి అటూ ఇటూ 180 డిగ్రీల దాకా కనపడుతుంది. నాకు మిగిలింది 15. బోర్డు మీద అక్షరం ఆ పదిహేనులోనే ఇమిడిపోతుంది, గ్లాసు పట్టుకున్న చెయ్యి ఇమడదు.

ఆ తర్వాత చూపు తగ్గినవాళ్ల కోసం ఉండే 'లో విజన్' విభాగంలో ఒకావిడ నన్ను గంటసేపు కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగారు. తెల్ల కంచంలో అన్నం ఎంత మిగిలిందో తెలుస్తుందా? బస్సు దిగేటప్పుడు ఆఖరి మెట్టు కనపడుతుందా? గుడి బయట విప్పిన చెప్పులు మళ్లీ దొరుకుతాయా? ఎండలోంచి లోపలికి రాగానే ఎంతసేపు ఆగాలి? అన్నిటికీ జవాబు చెప్పాను. చివర్లో అడిగారు: "కరెంటు పోయినప్పుడు ఎవరైనా మాట్లాడితే అర్థమవుతుందా?"

ఏడుపొచ్చేసింది. నేను సగం మాటలు పెదాలు చూసే పట్టుకుంటాను. దీపం ఆరితే చెవులు కూడా ఆరిపోతాయి. అప్పటిదాకా చెవుల డాక్టర్లు చెవులే చూశారు, కళ్ల డాక్టర్లు కళ్లే చూశారు. రెండూ కలిస్తే నా రోజు ఎలా గడుస్తుందో అడిగింది ఆవిడొక్కరే. ఎనిమిది నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లల కోసం ఇలాంటి రోజువారీ ప్రశ్నలతో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఒక ప్రశ్నావళి తయారుచేసిందని తర్వాత తెలిసింది. సైకిల్ నడిపించుకుంటూ వచ్చిన రోజుల్లో నన్నూ ఎవరైనా అలా అడిగి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

పోయిన చూపు తిరిగి రాదని చెప్పారు. కానీ స్కానింగ్‌లో రెటీనా మధ్యలో నీరు చేరిందని తేలింది. దానికి చుక్కల మందు ఇచ్చారు. కొన్ని నెలలకి పేపర్లో అక్షరాలు అలుక్కుపోవడం తగ్గింది. తల అటూ ఇటూ తిప్పుతూ దారి వెతకడం, కర్ర పట్టుకుని నడవడం నేర్పించారు. నా తెల్లకర్ర మీద ఎర్ర పట్టీలుంటాయి, చెవి కూడా సరిగ్గా వినపడదని దాని అర్థం. మొదట్లో కర్రతో మా వీధిలోకి వెళ్లాలంటే టెన్షన్‌తో చేతులు చెమటలు పట్టేవి. ఇప్పుడు సాయంత్రం కూరగాయలకి ఒక్కదాన్నే వెళ్లొస్తున్నాను.

ఆ ప్రశ్నల కాగితం ఇంటికి తెచ్చి అత్తయ్యకి చదివి వినిపించాను. ఆవిడేమీ అనలేదు. మర్నాడు ముదురు నీలం కంచం ఒకటి కొనుక్కొచ్చారు. రాత్రి కరెంటు పోతే ఇప్పుడు ముందు నా భుజం తడతారు, టార్చి తన మొహం మీదికి తిప్పుకుంటారు, ఆ తర్వాతే మాట్లాడతారు.