మోకాలి వెనక గుంట

శ్రావణమాసం. వరలక్ష్మీ వ్రతానికి ఇవ్వాల్సిన జాకెట్లు ఇంకా ఇరవై దాకా మిగిలాయి. రాత్రి పదకొండింటికి మిషన్ దగ్గర నుంచి లేవబోతుంటే కుడి మోకాలి వెనక ఏదో పుటుక్కున తెగినట్టయింది. ఆ వెంటనే పిక్క లోపల గోరువెచ్చని నీళ్లు కిందికి జారుతున్నట్టు అనిపించింది. చేత్తో తడిమి చూసుకున్నాను, పైన తడి లేదు.

తెల్లారేసరికి పిక్క రాయిలా బిగిసిపోయింది. టేపు పెట్టి కొలిచాను. ఎడమది 13 అంగుళాలు, కుడిది 14 ముప్పావు.

నిజానికి నాలుగు నెలల ముందు నుంచే మోకాలి వెనక మడతలో నిమ్మకాయంత ఉబ్బు ఉంది. కాలు చాపి నిలబడితే గట్టిగా తగిలేది, కాస్త మడిస్తే మెత్తబడిపోయేది. కింద కూర్చుని హెమ్మింగ్ చేసి లేస్తే లాగేది. దగ్గర్లోని క్లినిక్‌లో చూపిస్తే నరం పట్టేసిందని నొప్పి మాత్రలు రాశారు, మోకాలి వెనక చెయ్యి పెట్టి మాత్రం చూడలేదు. చూడండి అని నేనైనా అడగాల్సింది. ఆ బాధ నాకింకా ఉంది.

అత్తయ్య ఆముదం వేడి చేసి తెచ్చింది. "పిక్క పట్టేసింది అమ్మాయ్, గట్టిగా రుద్దితే వదులుతుంది" అంది. నర్సింగ్ చదువుతున్న మా అమ్మాయి గిన్నె పట్టుకుని ఆపేసింది. "రుద్దొద్దు నానమ్మా. లోపల రక్తం గడ్డకట్టి ఉంటే అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు." తెనాలి నుంచి గుంటూరు వెళ్లేదాకా ఆటోలో ఎవరం మాట్లాడుకోలేదు.

అక్కడ డాక్టరు గారు కూడా టేపుతోనే కొలిచారు. రెండు పిక్కలకీ మూడు సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే తేలిగ్గా తీసుకోకూడదని, ముందు రక్తనాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూపే డాప్లర్ స్కాన్ చేయించమని పంపారు.

బోర్లా పడుకోబెట్టి చల్లటి జెల్ రాశారు. స్కాన్ చేసే మేడమ్ ఆ పరికరంతో నొక్కడం, వదలడం, కొంచెం కిందికి జరిపి మళ్లీ నొక్కడం. నా టెన్షన్ చూసి స్క్రీన్ నా వైపు తిప్పారు. "ఈ నల్లటి గుండ్రం సిరమ్మా. నొక్కగానే మూసుకుపోతోంది చూడండి. గడ్డ ఉంటే ఇలా మూసుకోదు." దాని కింద ఇంకో గుండ్రం, నొక్కినా అణగకుండా కొట్టుకుంటూనే ఉంది. అది ధమని. తొడ మొదలు నుంచి పిక్క కింది దాకా ప్రతి చోటా సిర మూసుకుంది. నాకు ఏడుపొచ్చేసింది.

ఆ గుంట లోపల ఎలా ఉంటుందో ఆవిడే చెప్పారు. అది డైమండ్ ఆకారంలో ఉంటుందట. పై రెండు అంచులూ తొడ వెనక కండరాలవి, కింది రెండూ పిక్క కండరం రెండు పాయలవి. మోకాలు మడిచి వెనక చెయ్యి పెడితే రెండు పక్కలా లంగా బొందుల్లాగా బిర్రుగా తగిలేవి ఆ తొడ కండరాల తాళ్లే. మధ్యలో మెత్తటి కొవ్వు. వెనక నుంచి చూస్తే పైన నరం, దాని కింద సిర, అన్నిటికంటే లోతుగా ఎముకను ఆనుకుని ధమని. కాలి కిందికి వెళ్లే రక్తమంతా దాదాపు ఆ దారినే పోవాలి. ముప్పై ఏళ్లుగా మిషన్ తొక్కిన కాలు నాది, అక్కడ ఇంత ఉందని నాకు తెలియదు.

నాది బేకర్ సిస్ట్. 1877లో దీని గురించి రాసిన లండన్ సర్జన్ విలియం మోరాంట్ బేకర్ పేరే దీనికి పెట్టారు. లోపలి వైపు, పిక్క కండరానికీ తొడ కండరం తాడుకీ మధ్య సన్నటి సందు ఉంటుంది. కీలులో ఎక్కువగా ఊరిన నీరు ఆ సందులోంచి వెనక్కి వచ్చి తిత్తిలా నిండుతుంది. వాల్వు ఉన్నట్టు వెళ్లడమే గానీ తిరిగి రావడం కష్టం. ఆ రాత్రి చిట్లింది ఆ తిత్తే. మూడో రోజు చీలమండ కింద నెలవంకలా నీలంగా కమిలింది. చిట్లిన నీరు అక్కడి దాకా దిగిందన్నమాట. రక్తం గడ్డే అనుకుని రక్తం పలచబరిచే మందులు వాడి ఉంటే, పిక్కలో లోపలే రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉండేదట.

అసలు జబ్బు వెనక కాదు, కీలు లోపల ఉంది. ఎంఆర్ఐలో గుజ్జు అరిగిందని, లోపలి వైపు నెలవంక ఆకారపు మెత్త చిరిగిందని తేలింది. అందుకే తిత్తిని కోయలేదు. కీలులోంచి లేత పసుపు నీరు ఒక సిరంజి నిండా తీసి, స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఐస్, క్రేప్ బ్యాండేజ్, కాలి కింద దిండు. రెండు వారాల తర్వాత ఫిజియోథెరపీ. మోకాలి కింద చుట్టిన టవల్ పెట్టి, దాన్ని అదిమి అయిదు సెకన్లు పట్టి ఉంచడం. మొదటి రోజు తొడ వణికిపోయి నాలుగుసార్లకే ఆగిపోయాను. ఆరు వారాలకు ముప్పైసార్లు చేయగలిగాను.

ఆ శ్రావణంలో చాలామంది తమ గుడ్డలు వెనక్కి తీసుకెళ్లారు. ఒకావిడ మాత్రం, "నువ్వు లేచాకే కుట్టు" అని పట్టు జాకెట్ ముక్క దిండు పక్కనే వదిలి వెళ్లింది. దసరాకి నేను మొదట కుట్టింది అదే. మా ఆయన మిషన్‌కి మోటార్ బిగించారు. కింద కూర్చోవడం మానేశాను, హెమ్మింగ్ కూడా కుర్చీలోనే.

తిత్తి పూర్తిగా పోలేదు. సంక్రాంతి తర్వాత స్కాన్‌లో ఉసిరికాయంత ఉందన్నారు, కీలులో నీరు ఊరితే మళ్లీ నిండొచ్చట. రోజూ పడుకునే ముందు కాలు చాపి అక్కడ వేళ్లు పెట్టి చూసుకుంటాను. అత్తయ్య ఇప్పటికీ ఆముదం తెస్తుంది. తొడకి రాసి, మోకాలి దగ్గరకు రాగానే చెయ్యి ఆపి, "నీళ్లున్నాయా?" అని అడుగుతుంది.