నోటీసులో నలభై అడుగులు, టేపులో ఇరవై మూడు

మా కాలనీకి పార్కు లేదు. ఆ సంగతి ముందే చెప్పాలి. లేకపోతే ఈ కథలో నేనేదో ఘనకార్యం చేసినట్టు కనిపిస్తుంది.

2008లో హైదరాబాదు శివారులో మేము 200 గజాల స్థలం కొన్నప్పుడు, అమ్మినాయన చూపిన రంగుల కాగితంలో నడిమధ్య ఒక ఆకుపచ్చ చతురస్రం ఉండేది. అందులో రెండు బెంచీలు, ఒక ఉయ్యాల. మేము ఇల్లు కట్టుకుని వచ్చేసరికి ఆ చతురస్రం నాలుగు ప్లాట్లయింది. నంబర్లు కూడా పద్ధతిగా 31ఏ, 31బీ, 31సీ, 31డీ అని వేశారు. అనుమతి లేని లేఅవుటు అని తెలిసే కొన్నాం కనుక గట్టిగా అడగడానికి ఎవరికీ మొహం చెల్లలేదు.

2015 నవంబరులో జీవో 151తో, అనుమతి లేని లేఅవుటులను క్రమబద్ధం చేసే పథకం ఎల్‌ఆర్‌ఎస్ వచ్చింది. అందరితోపాటు మేమూ దరఖాస్తు పెట్టాం. లేఅవుటులో పది శాతం ఖాళీ స్థలం వదలకపోతే అందుకు బదులుగా ప్లాటు విలువలో 14 శాతం కట్టాలన్నది అందులో ఒక నిబంధన. మా ప్లాటును 8 లక్షలకు లెక్కగట్టారు, అంటే 1,12,000 రూపాయలు. నేను లెక్కల టీచరును, కూడికలు సరిచూసుకున్నాను, సరిపోయాయి. డబ్బు కట్టి, వచ్చిన కాగితానికి లామినేషన్ చేయించి బీరువాలో పెట్టాను. పార్కు లేకపోయినా ఫరవాలేదని నా చేత్తో నేనే సంతకం పెట్టిన కాగితం అది. అప్పుడు నాకు అలా అనిపించలేదు. క్రమబద్ధమయిందన్న సంతోషమే.

పార్కు లేని లోటు మాకు తెలియకపోవడానికి కారణం కుంట. వెనుక వీధి దాటితే ఒక పొలం, పొలం దాటితే కుంట, ఆరెకరాలుంటుంది. అలుగు పారిన సంవత్సరాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు కానీ వానలకు నీళ్లు చేరతాయి. బతుకమ్మను అక్కడికే తీసుకెళతాం. సంక్రాంతికి పిల్లలు కట్టెక్కి గాలిపటాలు ఎగరేస్తారు.

2019 సంక్రాంతి సెలవుల్లోనే బాబాయిగారు నాలుగు మడతలు పెట్టిన దినపత్రిక పట్టుకుని వచ్చారు. ఆయన మాకు చుట్టం కాదు. రెండిళ్ల అవతల ఉంటారు, పట్టణ ప్రణాళికా విభాగంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యారు, కాలనీ మొత్తానికి బాబాయిగారే. ఆయన వేలు పెట్టి చూపించిన చోట అగ్గిపెట్టెంత ప్రకటన ఉంది. ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరు, 5 ఎకరాల భూమిని వినోద వినియోగ జోను (పార్కులకు, ఆటస్థలాలకు ఉంచిన భూమి) నుంచి నివాస వినియోగ జోనుకు మార్చే ప్రతిపాదన, అభ్యంతరాలు, సలహాలు ఉంటే 15 రోజుల్లోగా రాతపూర్వకంగా ఇవ్వాలి. మా గ్రామం పేరు చూశాను కానీ నాకేమీ తట్టలేదు. పదేళ్లుగా రోజూ చూస్తున్న పొలమే అయినా దాని సర్వే నంబరు నాకు తెలియదు మరి. బాబాయిగారు నవ్వి, మా వంటింటి కిటికీ వైపు చెయ్యి చూపారు.

పత్రిక మూడు రోజుల కిందటిది. మిగిలింది పన్నెండు రోజులు.

ఆ రాత్రే కూర్చుని రెండు పేజీల అభ్యంతరం రాశాను. పక్షులు, ప్రాణవాయువు, రాబోయే తరాలు, అన్నీ ఉన్నాయి. సుప్రీంకోర్టు తీర్పు కూడా ఒకటి వెతికి పెట్టాను. బెంగళూరు రాజమహల్ విలాస్ విస్తరణలో పార్కుకు వదిలిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకు కేటాయిస్తే అక్కడివాళ్లు కోర్టుకెక్కారు, 1991లో వాళ్లే గెలిచారు. రాసింది చదువుకుంటే నాకే కళ్లు చెమర్చాయి. పొద్దున్నే బాబాయిగారికి ఇచ్చాను. ఆయన ఎర్ర పెన్ను తీశారు. నా విద్యార్థుల పేపర్ల మీద నేను గీసే గీతలు ఎలా ఉంటాయో ఆ రోజు తెలిసింది.

"ఇందులో సర్వే నంబరు ఎక్కడమ్మా? ఎన్ని మీటర్లు, ఏ దిక్కున, ఏ నిబంధన? ఇవి లేని కాగితాన్ని ఫైలులో పెడతారు, చదవరు. ఈ తీర్పు కూడా తీసెయ్. అది లేఅవుటులో పార్కుగా చూపిన జాగా. ఇది ఒకాయన పట్టా పొలం."

అయితే ఏం రాయాలి? ఆయన ప్రకటనను మళ్లీ చదివించారు. అడుగున హద్దులున్నాయి. ఉత్తరం కుంట, దక్షిణం "ప్రస్తుతమున్న 40 అడుగుల రోడ్డు". దక్షిణాన ఉన్నది మా వెనుక వీధే. అది నలభై అడుగులుంటే రెండు లారీలు ఎదురెదురుగా హాయిగా వెళ్లాలి. మా వీధిలో పాలవాడి ఆటో వస్తే స్కూటరు ఆపుకుని నిలబడతాం.

సాయంత్రం టేపు పట్టుకుని బయల్దేరాం. ఒక కొస మా అబ్బాయి, ఇంకో కొస నేను, నోటుపుస్తకంతో బాబాయిగారు. ప్రహరీ నుంచి పొలం కంచె వరకు ఏడు చోట్ల కొలిచాం. ఎక్కువలో ఎక్కువ 26 అడుగులు, తక్కువలో తక్కువ 21, సగటు 23. ఆ ఇరవై ఒకటి ఎక్కడంటే మా సంక్షేమ సంఘం కార్యదర్శిగారి కారు ర్యాంపు దగ్గర. మేము టేపు పరిచేసరికి ఆయన గేటు తీసుకుని బయటికొచ్చి "ఏం కొలుస్తున్నారు?" అన్నారు. "రోడ్డు" అన్నాను. ఆయన ర్యాంపు వైపు చూసి లోపలికెళ్లిపోయారు.

సంతకాల సంగతి ఇక చెప్పనక్కర్లేదు. 64 ఇళ్లకు 19 సంతకాలు. "పొలం ప్లాట్లయితే మన గజం ధర పెరుగుతుంది కదండీ" అని నిజాయితీగా చెప్పినవాళ్లను నేను తప్పుపట్టను. చదవకుండానే సంతకం పెట్టిన ముగ్గురి మీదే నాకు అనుమానం.

కుంట హద్దు ఎక్కడన్నది ఇంకో చిక్కు. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు నిండు నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు బఫరుగా, అంటే ఖాళీగా వదలాలి. మాది కుంట కాబట్టి తొమ్మిది మీటర్లు. ఎక్కడి నుంచి తొమ్మిది? ఎఫ్‌టీఎల్ గీత ఉన్న పటం కావాలి. సమాచార హక్కు కింద పది రూపాయల పోస్టల్ ఆర్డరు పెట్టి అడిగాను. చట్టం వాళ్లకు 30 రోజుల గడువిచ్చింది. అభ్యంతరానికి నాకున్నది పదిహేను. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు. పటం లేకుండానే అభ్యంతరం ఇచ్చి, "నకళ్లు అందగానే అదనపు ఆధారాలు సమర్పిస్తాం, వ్యక్తిగతంగా వినిపించే అవకాశం ఇవ్వండి" అని చివర రాయించారు బాబాయిగారు. ఆ ఒక్క వాక్యమే మమ్మల్ని నిలబెట్టింది.

పద్నాలుగో రోజు కార్యాలయానికి వెళ్లాను. ఇన్‌వర్డులో గుమస్తా రెండు ప్రతులూ తిరగేసి, నా ప్రతి మీద ముద్ర కొట్టి, తేదీ వేసిచ్చాడు. ముద్ర సగమే పడింది. బాబాయిగారి మాట గుర్తొచ్చి మళ్లీ కొట్టమన్నాను. విసుక్కున్నా, కొట్టాడు.

ఆ వారంలోనే పొలం ఆసామి మా ఇంటికొచ్చారు. డెబ్బై దాటిన మనిషి. సంతకాలు సేకరించిన సంగతి ఊళ్లో తెలిసిపోయింది. కుర్చీ వేస్తే కూర్చున్నారు, టీ ఇస్తే తాగలేదు.

"బోరు ఎండిపోయి ఆరేళ్లయింది టీచరమ్మా. ప్లాను పటంలో నా పొలానికి ఆకుపచ్చ రంగు వేస్తున్నామని నాకెవరూ చెప్పలేదు. మీ ఇళ్లకు పసుపు రంగు, నా పొలానికి పచ్చరంగు. కొనడానికొచ్చినవాడు పటం చూసి వెనక్కి పోతాడు. మీరు అరవై ఇళ్లవాళ్లు కలిసి ఒక్క పార్కు ఉంచుకోలేకపోయారు. ఇప్పుడు నా పొలం మీకు పార్కు కావాలా?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన వెళ్లాక బీరువా తీసి ఆ లామినేషన్ కాగితం చూశాను. 1,12,000. ఆ డబ్బుతో మా కాలనీకి గజం ఖాళీ స్థలమైనా వచ్చిందా అంటే రాలేదు. వచ్చే మార్గమూ లేదు, ఎందుకంటే కాలనీలో ఖాళీ అంటూ మిగల్లేదు. 2013లో ప్రకటించిన మహానగర ప్రణాళిక ఆయన పొలాన్ని వినోదానికని రాసింది. కొని పార్కు చేయలేదు, పరిహారమూ ఇవ్వలేదు. మేము ఎగ్గొట్టిన పది శాతాన్ని ఆయన ఒక్కడే మోస్తున్నట్టయింది. నీటి వనరుల చుట్టూ బఫరును పచ్చగా పెంచి అప్పగిస్తే టీడీఆర్, అంటే ఇంకోచోట అదనంగా కట్టుకోవడానికో అమ్ముకోవడానికో పనికొచ్చే హక్కు, ఇచ్చే నిబంధన జీవో 168లోనే ఉంది. ఆ మాట ఆయనకు చెప్పినవాళ్లు లేరు. నేనూ అప్పటికి చదవలేదు.

అందుకని విచారణకు వెళ్లేటప్పటికి మా కోరిక మారింది. మార్పిడి వద్దనలేదు. 19 మందిలో నలుగురు ఇది వెన్నుపోటన్నారు, వాళ్ల పేర్లు తీసేయమన్నారు. తీసేశాను. ఎఫ్‌టీఎల్ పటం ఇరవై తొమ్మిదో రోజున వచ్చింది. దాని మీద తొమ్మిది మీటర్ల గీత బాబాయిగారు స్వయంగా గీశారు. అరచేతి చెమట అంటకుండా కింద తెల్ల కాగితం పెట్టుకుని, ఒక్కో చుక్కా పెడుతూ, డెబ్బై రెండేళ్ల వయసులో మూడు గంటలు. ఆ గీత లోపల 27 గుంటలు (ఎకరానికి నలభై గుంటలు) పడింది. అది మార్పిడిలోంచి తీసేయాలన్నాం. లేని నలభై అడుగుల రోడ్డు ఉండాలంటే తక్కువైన వెడల్పు పొలం వైపు నుంచే వదలాలన్నాం. రేపు వేసే లేఅవుటులో ఖాళీ స్థలాన్ని ముక్కలు చేయకుండా కుంట వైపు ఒకే చోట పెట్టాలన్నాం. ఈ చివరిదే నాకు అన్నిటికంటే ముఖ్యం. పది శాతం లెక్క చాలా లేఅవుటుల్లో కాగితం మీద సరిపోతుంది. నేల మీద చూస్తే హైటెన్షన్ తీగల కింద ఒక త్రికోణం, మలుపులో మిగిలిన ఒక తోక, ప్రహరీ వెంట ఒక పట్టీ, అంతా కలిపి పది శాతం. త్రికోణంలో పిల్లలేం ఆడతారు?

విచారణ పావుగంట కూడా సాగలేదు. అభివృద్ధికి తీసుకున్నవారి తరఫున ఒక కుర్రాడు ల్యాప్‌టాప్‌తో వచ్చాడు. ఆసామి మూల కుర్చీలో కూర్చున్నారు, ఆయన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అధికారి ఏడు కొలతల కాగితం రెండుసార్లు చూసి, "మీరే కొలిచారా?" అన్నారు. ర్యాంపు సంగతి చెప్పలేదు. ఖాళీ స్థలం గురించి అడిగితే, అది లేఅవుటు దశలో చూడాల్సిన విషయం, ఇక్కడ కాదన్నారు.

తర్వాత ఎన్నికలు, కరోనా. ఉత్తర్వు 2021లో వచ్చింది. 27 గుంటలు పాత జోనులోనే ఉంచి, మిగతా 4 ఎకరాల 13 గుంటలను నివాసానికి మార్చారు. రోడ్డు వెడల్పుకు జాగా వదలాలన్న షరతు పెట్టారు. ఈ మార్పిడి యాజమాన్య హక్కుకు రుజువు కాదన్న మామూలు వాక్యమూ ఉంది. ఖాళీ స్థలం ఎక్కడ రావాలన్న ఊసే లేదు.

కాబట్టి 2022లో ముసాయిదా లేఅవుటు దశలో మళ్లీ కాగితం, మళ్లీ ముద్ర. ఈసారి నేను వెళ్లకముందే ఆసామి అడిగి ఒప్పించారని తర్వాత తెలిసింది. "కుంట పక్కన ప్లాట్లు వేస్తే వానకు మునుగుతాయి, నన్ను తిడతారు" అన్నారట. మేము మూడేళ్లు చెప్పిన కారణాలకంటే ఈ కారణం అభివృద్ధిదారుకు ఇట్టే అర్థమైంది.

రోడ్లనూ ఖాళీ స్థలాన్నీ స్థానిక సంస్థకు ఉచితంగా రిజిస్టరు చేసి ఇస్తేనే తుది లేఅవుటు చేతికొస్తుంది. ఆ గిఫ్ట్ డీడ్ నకలు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో తీసుకున్నాను. 2,045 గజాలు. ఉత్తరం కుంట బఫరు, దక్షిణం 40 అడుగుల రోడ్డు. ఈసారి టేపు తీసుకెళ్లి కొలిచి చూశాను. మా అబ్బాయి ఇంజనీరింగులో చేరి ఊళ్లో లేడు, ఇంకో కొస బాబాయిగారే పట్టుకున్నారు. నలభై ఉంది, కార్యదర్శిగారి ర్యాంపు దగ్గర తప్ప.

ఇప్పుడక్కడ కంచె, వేపమొక్కలు, ఒక బోర్డు ఉన్నాయి. కొత్త లేఅవుటువాళ్లూ మేమూ కలిసి ఒకే సంఘమయ్యాం. పోయిన నెల సమావేశంలో తీర్మానం వచ్చింది, జాగా ఎటూ ఖాళీగానే ఉంది కనుక అందులో ఒక ఫంక్షన్ హాలు కడితే అద్దెలతో సంఘానికి ఆదాయం వస్తుందని. 2019లో పక్షుల గురించి నాతో కలిసి సంతకం చేసినవాళ్లలో ఇద్దరు చెయ్యెత్తారు. నిర్ణయం వచ్చే ఆదివారానికి వాయిదా పడింది.

నిన్న సాయంత్రం బాబాయిగారి దగ్గరికెళ్లి, ఆయన ఎర్ర పెన్నుతో కొట్టేసిన ఆ బెంగళూరు తీర్పు కాగితం చూపించాను. కళ్లజోడు సవరించుకుని మొదటినుంచీ చదివారు. "ఇప్పుడు పెట్టమ్మా. గిఫ్ట్ డీడ్ నకలు జతచెయ్. మూడు ప్రతులు తీయించు" అన్నారు.