మిగతాది క్యాష్: ఇల్లు కొనేవాడి వైపు నుంచి లెక్క

"రిజిస్ట్రేషన్ గవర్నమెంట్ వాల్యూకి చేయిద్దాం సార్, మిగతాది క్యాష్." హైదరాబాద్‌లో కొన్నా విజయవాడలో కొన్నా బేరం కుదిరే వేళకి ఈ మాట వచ్చి తీరుతుంది. అనేది మధ్యవర్తి, అనిపించేది అమ్మేవాడు. వెంటనే ఇంకో ముక్క కలుపుతారు: "మీకూ లాభమే కదా, స్టాంపు డ్యూటీ తగ్గుతుంది." ఆ లాభం ఎంతో, అందుకోసం కొనేవాడు తలకెత్తుకునేది ఎంతో కాగితం మీద వేసి చూద్దాం.

ఒక ఫ్లాట్ అసలు ధర 90 లక్షలు, ప్రభుత్వ విలువ, అంటే రిజిస్ట్రేషన్ కోసం సర్కారు కట్టిన ధర, 52 లక్షలు అనుకుందాం. ఇంత తేడా వింతేమీ కాదు. తెలంగాణలో 2021 జులైలో, 2022 ఫిబ్రవరిలో ఈ ప్రభుత్వ విలువలు పెంచారు గానీ, చాలా ప్రాంతాల్లో బయటి ధర అంతకంటే వేగంగా పరుగెత్తింది. తెలంగాణలో స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5 కలిపి 7.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 5, 1.5, 1 కలిపినా అదే 7.5. దస్తావేజులో 52 రాసి 38 లక్షలు సంచిలో పెట్టి ఇస్తే కొనేవాడికి మిగిలేది 38 లక్షల మీద 7.5 శాతం, అంటే 2 లక్షల 85 వేలు. అతనికొచ్చే లాభం అంతే, ఇంకేమీ లేదు.

ఇక ఖర్చు. మొదటి దెబ్బ లోన్ దగ్గరే తగులుతుంది. 30 నుంచి 75 లక్షల మధ్య ఉండే గృహరుణానికి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఆస్తి విలువలో 80 శాతం దాకా ఇవ్వచ్చు. 90 లక్షలకు 72 లక్షలు వస్తుంది. 52 లక్షలకు వచ్చేది 41 లక్షల 60 వేలు. అంటే చేతి నుంచి 18 లక్షలు పెట్టుకోవాల్సినవాడు 48 లక్షల 40 వేలు తేవాలి, అందులో 38 లక్షలు నోట్ల కట్టలుగా. ఈ లోటు పూడ్చడానికి పర్సనల్ లోన్, బంగారం తాకట్టు, నష్టానికి పాడిన చీటీ, నాన్నగారి రిటైర్మెంట్ డబ్బు అన్నీ రంగంలోకి దిగుతాయి. వాటి వడ్డీ ముందు 2.85 లక్షల ఆదా ఎన్నాళ్లు నిలుస్తుందో ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు.

దీనికి విరుగుడుగా కొందరు ఏజెంట్లు రెండు అగ్రిమెంట్లు రాయిస్తారు, బ్యాంకుకి 90 లక్షలది, రిజిస్ట్రేషన్‌కి 52 లక్షలది. ఇంతకంటే తెలివితక్కువ పని లేదు. అసలు ధర ఎంతో మీరే సంతకం పెట్టి బ్యాంకు ఫైల్లో భద్రంగా దాచినట్టు. ఆ ఫైలు మీ అప్పు తీరేదాకా ఎక్కడికీ పోదు.

రెండో దెబ్బ మీరు అమ్మే రోజున పడుతుంది. పన్ను శాఖ దృష్టిలో మీ కొనుగోలు ధర దస్తావేజులో ఉన్నదే. కొన్నేళ్ల తర్వాత ఆ ఫ్లాట్‌ని కోటి 20 లక్షలకు పూర్తి వైట్‌లో అమ్మారనుకోండి. 52 లక్షలకు రిజిస్టర్ చేసుకుని ఉంటే రిజిస్ట్రేషన్ ఖర్చు 3.9 లక్షలు కలిపి మీ ఖరీదు 55.9, లాభం 64.1 లక్షలు. 90కి చేసుకుని ఉంటే ఖర్చు 6.75 కలిపి 96.75, లాభం 23.25 లక్షలు. తేడా 40.85 లక్షలు. 2024 జులై 23 తర్వాత కొన్న ఆస్తికి ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలని బట్టి కొన్న ధరని పెంచి చూపడం) ఊసు లేదు, నేరుగా 12.5 శాతం. సెస్సుతో కలిపి 5 లక్షల 31 వేలు అదనంగా కట్టాలి. 64.1 లక్షల లాభంతో ఆ ఏడు మొత్తం ఆదాయం 50 లక్షలు దాటుతుంది కాబట్టి 10 శాతం సర్‌ఛార్జి కూడా వచ్చి పడుతుంది. అప్పుడు మిగిలింది 2.85, ఇప్పుడు పోయేది సర్‌ఛార్జి కాకుండానే 5.31. నిజానికి ఆ 5 లక్షలు మీకు అమ్మినవాడి పన్ను. 38 లక్షల లాభాన్ని అతను దాచుకున్నాడు, ఆ దాచిన లాభం మీ ఖాతాకి బదిలీ అయింది. దస్తావేజుతో పాటు అతని పన్ను బాకీ కూడా మీ పేరిట రిజిస్టర్ అయిందన్నమాట.

"మనమూ అప్పుడు క్యాష్‌లోనే అమ్ముదాం" అంటారా? లోన్ మీద కొనే ఉద్యోగస్తుడు వస్తే అతనికి 38 లక్షలు క్యాష్ ఎక్కడిది? అమ్ముకునే దారి అక్కడే సగం మూసుకుపోతుంది.

ఇక ఆదాయపు పన్ను చట్టం. ఇక్కడ చెప్పే ఆదాయపు పన్ను సెక్షన్లూ ఫారాలూ అన్నీ 1961 చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త చట్టం అమల్లోకి వచ్చి నంబర్లూ కొన్ని నిబంధనలూ మారాయి గానీ, అంతకుముందు జరిగిన కొనుగోళ్లను పాతదాని ప్రకారమే చూస్తారు. సెక్షన్ 269ఎస్ఎస్ ప్రకారం 2015 జూన్ 1 నుంచి స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోకూడదు. బయానా అయినా, చివరికి బేరం కుదరకపోయినా ఇదే వర్తిస్తుంది. తీసుకుంటే ఎంత తీసుకుంటే అంత జరిమానా. ఇది అమ్మేవాడి మీద పడుతుంది. అందుకని కొనేవాళ్లు గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోతారు. బేరం చెడి బయానాని నగదుగా వెనక్కిస్తే 269టీ కింద ఆ అమ్మేవాడికే మళ్లీ అంతే జరిమానా. కానీ కొనేవాడి మీద వేలాడే కత్తి ఇంకొకటుంది, 69బీ. దస్తావేజులో చూపినదానికంటే ఎక్కువ పెట్టారని తేలి, ఆ డబ్బు ఎక్కడిదో మీరు చెప్పలేకపోతే దాన్ని మీ ఆదాయంగా లెక్కగడతారు. 2026 మార్చి దాకా జరిగిన కొనుగోళ్లకు 115బీబీఈ కింద 60 శాతం పన్ను, దాని మీద 25 శాతం సర్‌ఛార్జి, 4 శాతం సెస్సు, వెరసి 78 శాతం. 38 లక్షలకు 29 లక్షల 64 వేలు. పైన పన్నులో 10 శాతం పెనాల్టీ వేస్తే ఇంకో 2 లక్షల 28 వేలు. ఖర్చులూ మినహాయింపులూ ఏవీ ఇందులో కుదరవు.

మరి ఎలా తెలుస్తుంది? మీ ఇంట్లో సోదా జరగనక్కర్లేదు, బిల్డర్ ఆఫీసులో జరిగితే చాలు. ఫ్లాట్ నంబరు, పేరు, పక్కన రెండు గడులు, ఒకదాంట్లో చెక్కు, ఒకదాంట్లో క్యాష్. ఆ ఎక్సెల్ షీటో, వాట్సాప్ మెసేజో, విడి కాగితమో దొరికితే అందులోని పేర్లన్నిటికీ వరసగా నోటీసులు వెళతాయి. నిర్ణీత విలువ దాటిన ప్రతి రిజిస్ట్రేషన్‌నీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఏటా పన్ను శాఖకి తెలుపుతుంది, మీ ఏఐఎస్‌లో, అంటే పన్ను శాఖ దగ్గరుండే మీ ఏడాది లావాదేవీల పట్టికలో, అది కనిపిస్తుంది. జీతంలోంచి కూడబెట్టి బ్యాంకులోంచే తీసిన నగదైతే స్టేట్‌మెంట్ చూపించి బయటపడే అవకాశం ఉంది. అందుకే ఇప్పటికే అలా కొన్నవాళ్లు ఆ విత్‌డ్రాయల్ కాగితాలు పారేయకూడదు.

దస్తావేజులో ధర ప్రభుత్వ విలువ కంటే కూడా తక్కువ రాసేవాళ్లున్నారు. స్టాంపు డ్యూటీ ప్రభుత్వ విలువ మీదే కడతారు, ధర గడిలో మాత్రం తక్కువ వేస్తారు. 52కి బదులు 46 అని రాశారనుకోండి. తేడా 6 లక్షలు, 46లో 10 శాతం కంటే, అంటే 4.6 లక్షల కంటే ఎక్కువ. కాబట్టి 56(2)(ఎక్స్) కింద మొత్తం 6 లక్షలూ కొనేవాడి ఆదాయం, శ్లాబు రేటుకి పన్ను. 50సీ కింద అమ్మేవాడికీ అమ్మకం ధర 52 లక్షలే. ఇద్దరూ మునిగే ఏకైక పథకం ఇదే అనుకుంటా.

టీడీఎస్ (అమ్మేవాడికిచ్చే డబ్బులోంచి కొనేవాడు ముందే కోసి కట్టే పన్ను) తప్పించుకోవాలని 49 లక్షల 90 వేలు రాసే అలవాటు కూడా పనికిరాదు. 2022 ఏప్రిల్ నుంచి ధర, స్టాంపు విలువ రెండింట్లో ఏదైనా 50 లక్షలకు చేరితే, ఎక్కువ ఉన్నదాని మీద 1 శాతం కోయాల్సిందే. భార్యాభర్తలు చెరిసగం కొని, ఒక్కొక్కరి వాటా 50 లోపే అనే కిటుకు 2024 అక్టోబర్ 1తో ముగిసింది. కోసిన నెల ముగిశాక 30 రోజుల్లో ఫారం 26క్యూబీ వేయాలి. ఆలస్యమైతే రోజుకి 200 ఫీజు, వడ్డీ వేరు.

అమ్మేవాడు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటే లెక్క పూర్తిగా మారిపోతుంది. మన దగ్గర ఇది చాలా మామూలు. "ఆధార్ ఉంది, రెసిడెంట్ అనే రాసేద్దాం, 1 శాతం కట్ చేస్తే సరిపోతుంది" అంటారు. సరిపోదు. ఎన్నారైకి 50 లక్షల పరిమితి లేదు, సెక్షన్ 195 వర్తిస్తుంది. రెండేళ్లు దాటిన ఆస్తి అయితే 12.5 శాతం, దాని మీద సర్‌ఛార్జి, సెస్సు. ధర 50 లక్షలు దాటి కోటి లోపైతే 14.3 శాతం, అదీ లాభం మీద కాదు, మొత్తం ధర మీద. తగ్గించాలంటే అమ్మేవాడు ముందే ఫారం 13 పెట్టి పన్ను అధికారి నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. అది లేకుండా 1 శాతమే కోశారంటే మిగతాది కొన్నవాడి దగ్గర వసూలు చేస్తారు. ఎన్నారై ఎప్పుడో విమానం ఎక్కేసి ఉంటాడు, దొరికేది ఇక్కడున్న మీరే. ఎన్నారైలు కొనేటప్పుడు చేసే తప్పు ఇంకొకటి: ఎన్నారై ఖాతాల్లోంచి కాకుండా ఇక్కడి బంధువుల చేత క్యాష్ కట్టించడం. రేపు ఇల్లు అమ్మి ఆ డబ్బు బయటికి పంపేటప్పుడు బ్యాంకు అడిగేది కొన్నప్పుడు ఏ ఖాతాలోంచి కట్టారనే.

క్యాష్ ఇచ్చాక గొడవొస్తే? టైటిల్లో లోపం బయటపడినా, బిల్డర్ చేతులెత్తేసినా, రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో వాపసు అడిగినా మీ చేతిలో రుజువున్నది 52 లక్షలకే. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒక కేసులో ఇంకో మెలిక పెట్టింది. ఆస్తి లావాదేవీలో 2 లక్షలు, ఆపైన నగదు ఇచ్చామని ఎవరైనా దావా వేస్తే, ఆ సంగతి కోర్టే పన్ను శాఖకి తెలియజేయాలంది. డబ్బు కోసం కోర్టుకెళితే పన్ను నోటీసు వెంటబెట్టుకుని రావాల్సిందే. రోడ్డు వెడల్పులో స్థలం పోతే వచ్చే పరిహారానికి కూడా ఆ చుట్టుపక్కల రిజిస్టరైన ధరలనే చూస్తారు. అందరూ కలిసి తగ్గించి రాసుకున్న వీధికి అంత తక్కువే వస్తుంది.

నగదు లేని ఎత్తులూ ఉన్నాయి. రిజిస్ట్రేషనే వాయిదా వేసి జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద నడిపించేయడం వాటిలో పాతది. 2011 అక్టోబర్‌లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, జీపీఏతో, అగ్రిమెంటుతో యాజమాన్యం బదిలీ కాదని. రాసిచ్చినవాడు పోతే మీరు వారసుల గడపలు తొక్కాలి. స్వాధీనం ఇచ్చిన అగ్రిమెంటు రిజిస్టర్ కాకపోతే, 2001 సెప్టెంబర్ 24 తర్వాతివాటికి ఆస్తి బదిలీ చట్టంలోని 53ఏ ఇచ్చే స్వాధీన రక్షణ కూడా ఉండదు. అమ్మ పేరునో తమ్ముడి పేరునో కొనడం ఇంకో ఎత్తు. 2016 సవరణ తర్వాత బినామీ చట్టంలో భార్యాభర్తలకి, పిల్లలకి మినహాయింపుంది. తల్లిదండ్రులు, తోబుట్టువుల విషయంలో మాత్రం పత్రంలో మీ పేరూ జంటగా ఉండాలి. రెండింటికీ డబ్బు లెక్క తేలిన మూలం నుంచి రావాలి.

జీఎస్టీ గురించి బిల్డర్లు చెప్పే మాట ఒకటుంది: "ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చాక రిజిస్ట్రేషన్ చేస్తాం, జీఎస్టీ పడదు." సగమే నిజం. పూర్తి డబ్బు ఓసీ తర్వాతే కడితేనే పడదు. అడ్వాన్సుగా ఒక్క లక్ష ముందు కట్టినా అది నిర్మాణంలో ఉన్న ఫ్లాటే, మామూలుగా 5 శాతం పడుతుంది. నగదుగా తీసుకుని రశీదు ఇవ్వని అడ్వాన్సుల వెనక ఉన్న గుట్టు ఇదే.

ఇంటి పన్ను సంగతి చిన్నదే గానీ మరిచిపోవద్దు. అమ్మినవాడు రెండంతస్తులు కట్టి ఒకటే చూపించి ఉంటే, షాపుని ఇల్లుగా రాయించి ఉంటే, పన్ను పెంపూ పాత బకాయిలూ ఆ ఇంటిని పట్టుకునే ఉంటాయి. జీహెచ్ఎంసీలో బకాయి మీద నెలకి 2 శాతం వడ్డీ. రిజిస్ట్రేషన్‌కి ముందు ఆ ఇంటి పన్ను గుర్తింపు నంబరు (పీటీఐఎన్) అడిగి ఆన్‌లైన్‌లో చూసుకోండి. రికార్డులోని విస్తీర్ణం, కళ్లెదుట ఉన్న ఇల్లు ఒకటేనా అని కూడా.

అమ్మేవాడు క్యాష్ పట్టు విడవకపోతే వాదించేకంటే అతని పన్ను లెక్క అతని ముందే వేయడం మేలు. రెండేళ్లు దాటిన ఇల్లైతే సెక్షన్ 54 కింద రెండేళ్లలో ఇంకో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా, ఆ మేరకు లాభం మీద పన్ను ఉండదు. ఆరు నెలల్లో 54ఈసీ బాండ్లలో 50 లక్షల దాకా పెట్టచ్చు. ఇల్లు ఇంకా చూసుకోకపోతే రిటర్న్ గడువులోగా క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేసుకోవచ్చు. కూతురికి ఇల్లు కొనాలని అమ్ముతున్న రిటైరైన మాస్టారికి అసలు బ్లాక్ అవసరమే ఉండదు. ఇల్లు ఆ కూతురి పేరు మీద కాక తన పేరు మీద తీసుకుంటే చాలు, ఆ సంగతి ఆయనకి చెప్పినవాళ్లు లేరంతే. అప్పటికీ ఒప్పుకోకపోతే అతనికి పడే పన్నులో కొంత ధరలో సర్దుబాటు చేసుకోవచ్చు. మీ వైపు నుంచి, పాత పన్ను విధానంలో ఉంటే రిజిస్ట్రేషన్ ఖర్చుని 80సీలో 1.5 లక్షల పరిమితి లోపల చూపించుకోవచ్చు.

ఒప్పుకున్నాక దస్తావేజు డ్రాఫ్ట్ మీరే చదవండి, డాక్యుమెంట్ రైటర్ మీద వదిలేయొద్దు. బయానాతో సహా ప్రతి చెల్లింపుకీ తేదీ, మొత్తం, బ్యాంకు, చెక్కు నంబరు లేదా ఆన్‌లైన్ బదిలీకి బ్యాంకు ఇచ్చే యూటీఆర్ నంబరు విడిగా ఉండాలి. లోన్ మొత్తం, కోసిన టీడీఎస్ వేరే వరసల్లో రావాలి. అన్నీ కూడితే దస్తావేజు ధరకి రూపాయితో సహా సరిపోవాలి. "ముందే ముట్టినది" అని ఒక్క ముక్కలో రాసి వదిలేసిన మొత్తం కనిపిస్తే సంతకం ఆపి తిరగరాయించండి.