సీసా మూతకీ ఓ చట్టమా?

2024 జులై నుంచి యూరోపియన్ యూనియన్‌లో మూడు లీటర్ల లోపు ప్లాస్టిక్ సీసాలకి మూత తీసినా ఊడి రాకూడదు, సీసాకే వేలాడాలి అని చట్టం. తాగేటప్పుడు ముక్కుకి తగులుతుంది. బ్రస్సెల్స్‌లో కూర్చుని ఈ యూనియన్ రూల్స్ రాసేవాళ్ళకి వేరే పనేం లేదా అని మా ఆఫీసులో అందరూ తిట్టుకునేవాళ్ళే. నేనూ విసుక్కుంటాను గానీ, వాళ్ళతో పూర్తిగా గొంతు కలపలేను. ఉమ్మడి రూలు లేకపోతే 27 దేశాలు 27 రకాల రూల్స్ పెడతాయి. వెనకటికి ఒక ఫ్రెంచి పండ్ల లిక్కర్‌ని జర్మనీ అమ్మనివ్వలేదు. కారణం? ఆల్కహాల్ 25 శాతం కన్నా తక్కువుందట! ఎక్కువైందని కాదు, తక్కువైందని. అదేం కుదరదని 1979లో యూరోపియన్ కోర్టు తేల్చేసింది. ఫోన్లన్నిటికీ ఒకే ఛార్జర్ అన్న రూలూ నాకు సుఖంగానే ఉంది.

నాకు ఒళ్ళు మండేది యూనియన్ వాళ్ళ కుకీల రూలు దగ్గర. కుకీలంటే మనల్ని గుర్తుపట్టడానికి సైట్లు మన బ్రౌజర్‌లో దాచుకునే చిన్న ఫైళ్ళు. ఏ సైటు తెరిచినా వాటికి అనుమతి అడగడం, మనం చదవకుండా ‘సరే’ నొక్కేయడం. దీనివల్ల ఎవరి ప్రైవసీ మిగిలిందో! పైగా పెద్ద కంపెనీలకి లాయర్ల దండు ఉంటుంది. నలుగురు పనిచేసే చిన్న కంపెనీలో ఇలాంటి రూల్స్ అడిగే కాగితాలన్నీ యజమానే రాత్రుళ్ళు కూర్చుని నింపాలి. రూల్స్‌కి కత్తెర వెయ్యాలంటే ముందు అక్కడ వెయ్యమంటాను. మూతల జోలికి తర్వాత వెళ్ళొచ్చు.